దరువు నేర్చిన పెట్టె

నూజివీడు చుట్టుపక్కల మామిడి కోతలూ పెళ్ళి ముహూర్తాలూ దాదాపు ఒకే రుతువులో వస్తాయి. పగలు బంగినపల్లి, రసాల లోడ్లు రోడ్డెక్కుతాయి. చీకటి పడ్డాక పెళ్ళి ఊరేగింపుల ముందు డీజే బండ్లు కదులుతాయి. వాటి మీద మోగే రీమిక్సులు చేయడానికి ఇవాళ పెద్ద స్టూడియో అక్కర్లేదు. ఒక ల్యాప్‌టాప్, హెడ్‌ఫోన్లు, ఓపిక ఉంటే ఇంట్లోనే అయిపోతుంది. పాట ఏదైనా దాని కింద పరిగెత్తేది ఒక దరువు లూప్. రెండు మూడు సెకన్ల ముక్కే అది, అతుకు తెలియకుండా తిరుగుతూ ఊరంతటినీ ఆడిస్తుంది. ఆ ముక్కను తిప్పడం యంత్రానికి ఎలా వచ్చిందన్నది దాదాపు వందేళ్ళ కథ.

1931లో రష్యన్ శాస్త్రవేత్త లియోన్ థెరెమిన్, అమెరికన్ స్వరకర్త హెన్రీ కోవెల్ కోరిక మీద రిథమికాన్ అనే వాద్యం తయారుచేశాడు. రంధ్రాలున్న పళ్ళేలు తిరుగుతుంటే వాటి గుండా వెలుతురు తెగి తెగి పడుతుంది, ఆ తెగుడే లయగా వినిపిస్తుంది. మనిషి చెయ్యి వేయలేనంత చిక్కు లయలను అది ఒకేసారి వాయించింది. తర్వాత 1959లో వుర్లిట్జర్ సంస్థ సైడ్‌మ్యాన్ అనే పెట్టెను అమ్మకానికి పెట్టింది. అందులో మోటారు తిప్పే చక్రం విద్యుత్ స్పర్శలను తాకుతూ పోతే వాల్ట్‌జ్, ఫాక్స్‌ట్రాట్ వంటి దరువులు వచ్చేవి. కంపెనీ ఏది పెడితే అదే వినాలి. సొంతంగా ఒక దెబ్బ మార్చే వీలు లేదు.

ఆ వీలు కల్పించినవాళ్ళలో ముందు చెప్పుకోవలసిన పేరు జపాన్‌కు చెందిన ఇకుతారో కకెహాషి. 1972లో ఆయన స్థాపించిన రోలాండ్ సంస్థ, 1978లో సీఆర్-78 తెచ్చింది. వాడేవాడు తన దరువు తానే కూర్చి అందులో దాచుకోవచ్చు. 1980లో వచ్చిన టీఆర్-808 దాన్ని మరీ సులువు చేసింది. ముందు వరసగా 16 మీటలు. నాలుగు దెబ్బల ఆవర్తనంలో ఒక్కో దెబ్బకు నాలుగేసి గళ్ళు. ఏ గడి నొక్కితే ఆ చోట దెబ్బ పడుతుంది. సంగీతం చదువుకోనివాడు కూడా లయను కంటితో చూడగలిగాడు.

808లో డ్రమ్ము రికార్డింగు ఏదీ ఉండదు, ధ్వని అంతా విద్యుత్తు నుంచే పుడుతుంది. పెద్ద డ్రమ్ము మోత కోసం ఒక పరిపథానికి క్షణికమైన తాకిడి ఇస్తారు. ఉయ్యాలను ఒక్కసారి తోసి వదిలితే ఊగి ఊగి ఆగినట్టు, అది సుమారు 50 హెర్ట్‌జ్ దగ్గర కంపించి చల్లారుతుంది. డీజే బండి ఎదుట నిలబడ్డవాడి గుండెల్లో అదిరే మోత ఈ జాతిదే. తాళపు శబ్దం కోసం ఆరు డోలకాల తరంగాలను కలిపి వడకడతారు. చప్పట్ల కోసం సుయ్‌మనే రొదను ముక్కలు చేస్తారు. నిజమైన డ్రమ్ములా లేదని అప్పట్లో చాలామంది పెదవి విరిచారు. 808 వచ్చిన ఏడాదే రోజర్ లిన్ అనే రూపకర్త నిజమైన డ్రమ్ముల రికార్డింగులతో ఎల్ఎం-1 అనే పెట్టె తెచ్చాడు కూడా. సుమారు 12 వేల పెట్టెలు చేశాక 1983లో 808 తయారీ ఆగిపోయింది. కానీ చేతులు మారి చవకగా దొరికే 808లను కొనుక్కున్న కుర్రకారు, ఆ అసహజమైన మోతతోనే కొత్త నాట్య సంగీతం పుట్టించారు. మన దేశంలో చరణ్‌జిత్ సింగ్ అనే సంగీతకారుడు 1982లోనే 808 దరువు మీద పది రాగాలు వాయించి ఆల్బం రికార్డు చేశాడు.

లూప్‌కు మరో పుట్టిల్లు గ్రామఫోను రికార్డు. 1973లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ పేటలో డీజే కూల్ హెర్క్ ఒకే రికార్డు రెండు ప్రతులు పక్కపక్కన పెట్టి, డ్రమ్ములు మాత్రమే మోగే చోటును ఒకదాని తర్వాత ఒకటిగా తిప్పి సాగదీశాడు. జనం ఆడేది ఆ చోటే అని అతను కనిపెట్టాడు. ఆ పనిని తర్వాత ధ్వని ముక్కలను దాచుకుని తిరిగి వాయించే శాంప్లర్ యంత్రాలు అందుకున్నాయి, 1997లో బెల్జియం నుంచి వచ్చిన ఫ్రూటీలూప్స్ అనే సాఫ్ట్‌వేర్ ఇంటి కంప్యూటర్‌కు చేర్చింది. నేటి ఎఫ్ఎల్ స్టూడియో అదే. తెర మీద కనిపించే 16 గళ్ళు 808 ఇచ్చిన వారసత్వం.

తెలుగు చెవికి యంత్రపు దరువు మద్రాసు స్టూడియోల మీదుగా అలవాటైంది. 1986లో ఇళయరాజా కంప్యూటర్ సీక్వెన్సర్ వాడిన తమిళ చిత్రం పాటలు 'డాన్స్ మాస్టర్'గా మనకు వచ్చాయి. రాజ్-కోటి పాటల్లో కీబోర్డు లయలు వెల్లివిరిశాయి. రోలాండ్ ఆక్టాప్యాడ్ రకం రిథమ్ ప్యాడ్లు వచ్చాక, ఆర్కెస్ట్రాలో ఒక్క మనిషే డోలకూ తబలా డ్రమ్ములూ కర్రలతో పలికించగలిగాడు.

ఇంట్లో పాట కట్టే కుర్రవాడికి ఒక చిక్కు మాత్రం మిగిలే ఉంది. దొరికే లూపులు ఎక్కువగా దెబ్బకు నాలుగు భాగాల లెక్కలో ఉంటాయి. మన జానపదాల్లో, ఊరేగింపు డప్పుల్లో చాలా భాగం తిశ్ర గతి, అంటే దెబ్బకు మూడు భాగాలు. తకిట తకిట నడకను 16 గళ్ళలో కుక్కితే కాలు తడబడుతుంది. దెబ్బకు మూడేసి చొప్పున 12 గళ్ళు పెట్టుకుంటే సాఫీగా నడుస్తుంది. 808లోనే ఇందుకొక మీట ఉంది, నేటి సాఫ్ట్‌వేర్లలోనూ ఉంది. యంత్రానికి ఏ గతి మీదా మమకారం లేదు. మన నడక దానికి చెప్పవలసింది మనమే.

అందుకే ఎక్కడో దొరికిన లూప్ కంటే ఊళ్ళో డప్పు రికార్డు చేసుకోవడం మేలు. మామిడి తోట ఇందుకు మంచి చోటు. నాలుగు గోడల గదిలో వచ్చే ప్రతిధ్వని అక్కడ ఉండదు. గాలి లేని వేళ చూసుకోవాలి. డప్పు చర్మం చెమ్మ పీల్చితే సాగి స్థాయి తగ్గుతుంది, మంట దగ్గర కాస్తే చెమ్మ పోయి బిగుస్తుంది. కాబట్టి ఒక లూప్‌కు కావలసిందంతా ఒకే కాపులో రికార్డు చేయాలి. ఫోనులో రికార్డు చేస్తుంటే, అది తనంతట తాను ధ్వని హెచ్చుతగ్గులు సర్దే ఏర్పాటును ఆపేయాలి. లేకుంటే డప్పు వాయించే పుల్లల్లో సిర్ర వేసే బరువైన దెబ్బ, చిటికెన పుల్ల వేసే సన్నని దెబ్బ ఒకే ఎత్తుకు వచ్చి ప్రాణం పోతుంది.

తర్వాత కోత. నిమిషానికి 100 దెబ్బల వేగమైతే దెబ్బకు 0.6 సెకను, నాలుగు దెబ్బలకు 2.4 సెకన్లు. సీడీ ప్రమాణంలో సెకనుకు 44,100 శాంపిళ్ళు, అంటే ధ్వని కొలతలు, కనుక లూప్ నిడివి సరిగ్గా 1,05,840 శాంపిళ్ళు. పది మిల్లీసెకన్లు ఎక్కువ కోస్తే ఒక్కసారికి తెలియదు. వంద చుట్లు తిరిగేసరికి సెకను తేడా వస్తుంది, పాట ఒకచోట, దరువు ఒకచోట. తరంగం మధ్యరేఖను దాటే చోటే కోయాలి, లేకపోతే ప్రతి చుట్టులో అతుకు దగ్గర టిక్కుమంటుంది. దరువును వరసగా మూడు ఆవర్తనాలు వాయించమని, నడిమి దాన్ని తీసుకోవాలి. ముందు ఆవర్తనపు చివరి మోత దాని మొదట్లో కలిసి ఉంటుంది కాబట్టి, తిప్పినప్పుడు ఎవరో ఆగకుండా వాయిస్తున్నట్టే వినిపిస్తుంది.

నిజంగానే ఎవరో వాయించారు. ఆ సంగతి లూప్ చరిత్ర తరచూ మరిచిపోయింది. 1969లో ది విన్‌స్టన్స్ బృందం 'అమెన్, బ్రదర్' అనే పాటలో డ్రమ్మర్ గ్రెగరీ కోల్‌మన్ ఆరేడు సెకన్లు ఒంటరిగా వాయించాడు. ఆ ముక్కను కోసి వేల పాటల్లో వాడుకున్నారు. అతనికి రాయల్టీగా ఏమీ దక్కలేదు. 2006లో చనిపోయాడు.

మన దగ్గర డప్పు కళాకారులకు ప్రభుత్వం సామాజిక పింఛన్లలో వేరే వర్గమే పెట్టింది. వృత్తి మీద బతకడం ఎంత కష్టమైందో దాన్ని బట్టే తెలుస్తుంది. వారి దరువును లూప్ చేసేవాళ్ళు ముందే అడగాలి, వాయించిన పూటకు కూలి కట్టాలి, పాట మీద డప్పు ఎవరిదో పేరు వేయాలి, ఆ పాట డబ్బు తెస్తే వాటా ఇవ్వాలి. శాంపిళ్ళ లెక్క యంత్రం చూసుకుంటుంది. ఈ లెక్క చూడవలసింది పాట కట్టేవాడే.