గండి నేలువారి బాధ్యత

జమ్మలమడుగునకు పడమట ఎఱ్ఱమల కొండలను చీల్చుకొని పెన్నానది ప్రవహించు ఇఱుకు త్రోవయే గండి. దానిపై వెలసిన దుర్గము గండికోట. ఈ గండి యెవరి వశమున నుండునో వారి చేతిలోనే దిగువ సీమ క్షేమముండును. కోట పాడువడినను ఈ మాట నేటికిని నిజమే యని మా యభిప్రాయము.

విజయనగర ప్రభువుల సామంతులైన పెమ్మసానివారు తరతరములు ఈ దుర్గమును కాపాడిరి. గోలకొండ సేనాని మీర్ జుమ్లా దానిని పట్టుకొనిన పిమ్మట 1652లో ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే అచటికి వచ్చెను. కొండను తొలిచిన దారి కొన్నిచోట్ల 7, 8 అడుగుల వెడల్పే యనియు, ప్రక్కనే భయంకరమైన అగాధమనియు, దాని అడుగున నది పాఱుచున్నదనియు నాతడు వర్ణించెను. ఇట్టి దారిని కొలదిమంది వీరులు నిలువరింపగలరు. అయినను ఐరోపా ఫిరంగివాండ్రను చేర్చుకొనిన శత్రువునకు దుర్గము లొంగిపోయెను. 1800లో నిజాము ఈ సీమను కుంపినీకి దత్తము చేయుటతో దాని యుద్ధప్రాముఖ్యము క్రమముగా నశించెను.

కోటకు విలువ తగ్గినను గండికి తగ్గలేదు. నాడు సేనల నాపిన యిఱుకే నేడు నీటిని నిలుపుచున్నది. గాలేరు–నగరి పథకమున కృష్ణాజలములు చేరు గండికోట జలాశయము సామర్థ్యము 26.85 టి.ఎం.సి.లు. అచటినుండి ఎత్తిపోసిన నీరు చిత్రావతి జలాశయము ద్వారా పులివెందుల తోటలను తడుపుచున్నది. దిగువనున్న మైలవరము జలాశయము జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతములకు ఆధారము. ఇది సీమకు గొప్ప మేలనుటలో సందేహము లేదు.

కాని యీ మేలునకు మూల్యము చెల్లించినవా రెవరు? 2020లో తాళ్ళప్రొద్దుటూరు నీట మునిగెను. పరిహారము పూర్తిగా ముట్టకముందే నీరు ఇండ్లలోనికి వచ్చినదని గ్రామస్థులు మొఱవెట్టుకొనిరి. ఎగువవారి కష్టమిది. దిగువవారి భయమునకును దృష్టాంతము దూరమున లేదు. 2021 నవంబరు 19న చెయ్యేటిపై అన్నమయ్య ఆనకట్ట తెగి రాజంపేట ప్రాంతపు పల్లెలను ముంచెత్తెను. అనేకులు ప్రాణములు గోల్పోయిరి.

పూర్వము గండిని పట్టినవాడు బురుజులపై రేయింబవళ్ళు కావలి యుంచెను. నేటి కావలి గేట్ల మరమ్మతునందును, వరద వచ్చుటకు ముందే ఊరూర హెచ్చరిక చేరుటయందును, నీటికంటె ముందు పరిహారము ముట్టుటయందును ఉన్నది. నీరందుకొను రైతులును పట్టణవాసులును దీనిని తమ పనిగా నెంచి ప్రభుత్వము నడుగవలెను. పొలము తడిసినదని యూరకుండుట తగదు.