కంప్యూటర్ తెర వెలగడం లేదా?

చిక్కడపల్లిలో సిటీ సెంట్రల్ లైబ్రరీ ఉంది. పక్కనే అశోక్‌నగర్. అక్కడ పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్లు చాలా ఉన్నాయి. ఇటు నారాయణగూడలో కాలేజీలు ఉన్నాయి. ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు ఈ గల్లీల్లో గదులు తీసుకుని చదువుకుంటారు. దరఖాస్తు నింపాలంటే వాళ్లు జిరాక్సు దుకాణానికి పోతారు. అక్కడ కంప్యూటర్ ఉంటుంది.

ఆ కంప్యూటర్ తెర ఆరిపోతే దుకాణంలో ఆ రోజు సంపాదన ఆగినట్లే. కొత్త మానిటర్‌కు వేల రూపాయలు కావాలి. అప్పు చేయాల్సి వస్తుంది. కానీ చాలాసార్లు పాడయ్యేది తెర కాదు. లోపల ఉండే కొద్ది రూపాయల కండెన్సర్. దాన్ని మార్చే పని ఇంట్లోనే చేసుకోవచ్చు. ఆ పని ఆడవాళ్లూ నేర్చుకోవచ్చు.

తెర ఎట్లా వెలుగుతుంది?

తోలుబొమ్మలాట గుర్తుందా? తెర వెనక దీపం ఉంటుంది. ఆ వెలుగులోనే బొమ్మలు కనిపిస్తాయి. పలచని మానిటర్ కూడా అంతే. ముందున్న అద్దం బొమ్మను చూపిస్తుంది. వెనకున్న దీపం వెలుగునిస్తుంది. పాత మానిటర్లలో ఈ దీపాలు సన్నని ట్యూబులైట్లు. కొత్తవాటిలో ఎల్ఈడీలు. అన్నిటికీ కరెంటు ఇచ్చేది పవర్ బోర్డు.

ముందు బయటే చూడండి

1. ప్లగ్గులో కరెంటు ఉందా? అందులో సెల్‌ఫోన్ ఛార్జర్ పెట్టి చూడండి.
2. వైర్లు వదులుగా ఉన్నాయా? తీసి మళ్లీ గట్టిగా పెట్టండి.
3. మానిటర్‌ను వేరే కంప్యూటర్‌కు తగిలించండి. అక్కడ వెలిగితే లోపం మానిటర్‌ది కాదు.
4. తెర నల్లగానే ఉందా? మానిటర్ ఆన్‌లో ఉండగా టార్చిలైటు దగ్గరగా, ఏటవాలుగా వేయండి. అక్షరాలు మసకగా కనిపిస్తే అద్దం బాగుంది. దీపమో, దానికి కరెంటు ఇచ్చే భాగమో పోయింది.

అద్దమే పగిలితే మాత్రం బాగుచేయడం గిట్టుబాటు కాదు.

మూత విప్పే ముందు

"ప్లగ్గు తీశాం కదా, ఇంకేం భయం?" అనుకోవద్దు. మన ఇంటి కరెంటు 230 వోల్టులు. పవర్ బోర్డు మీద ఉండే పెద్ద కండెన్సర్‌లో 300 వోల్టులకు పైగా నిలవ ఉంటుంది. ప్లగ్గు తీసినా అది వెంటనే పోకపోవచ్చు. తాకితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే మొదట ఒంటరిగా విప్పవద్దు. పని తెలిసినవాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకోండి. నిలవ కరెంటు ఎట్లా తీసేయాలో వాళ్లు చూపిస్తారు. మల్టీమీటర్‌తో కొలిచి, కరెంటు లేదని తేలాకే చేయి పెట్టాలి.

పాత మానిటర్ల ట్యూబుల్లో పాదరసం ఉంటుంది. అది విషం. వాటిని పగలగొట్టవద్దు. చెత్తకుప్పలో వేయవద్దు.

కండెన్సర్ సంగతి

ఫ్యాను తిరగకపోతే "కండెన్సర్ పోయింది" అంటాం కదా. పవర్ బోర్డు మీద కూడా కండెన్సర్లు ఉంటాయి. చిన్న చిన్న డబ్బాల్లా ఉంటాయి. వీటినే కెపాసిటర్లు అని కూడా అంటారు. మంచిదాని తల చదునుగా ఉంటుంది. పాడైనదాని తల పూరీలా ఉబ్బుతుంది. ఒక్కోసారి కారుతుంది.

పాతదాన్ని సోల్డరింగ్ ఐరన్‌తో వేడిచేసి తీస్తారు. దాన్ని పట్టుకుని దుకాణానికి వెళ్లండి. కోఠిలోని గుజరాతీ గల్లీలో ఇలాంటి సామాను అమ్ముతారు. కొనే ముందు దాని మీది అంకెలు చదవండి.

మైక్రోఫారడ్ల అంకె పాతదానికి సమానంగా ఉండాలి.
వోల్టులు అంతే ఉండాలి, లేదా కొంచెం ఎక్కువ ఉండాలి. తక్కువ ఉండకూడదు.
105 డిగ్రీలు అని ఉన్నది తీసుకోవాలి.
పక్కన గీత ఉన్నది మైనస్ కాలు. తిరగేసి పెడితే కండెన్సర్ పేలవచ్చు.

"మాకు వస్తుందా?"

ఎందుకు రాదు? రాజస్థాన్‌లో తిలోనియా అనే ఊరు ఉంది. అక్కడి బేర్‌ఫుట్ కాలేజీలో బడికి పోని ఆడవాళ్లు సోలార్ దీపాల పని నేర్చుకున్నారు. రంగులు, గుర్తులు చూసి బోర్డులు తయారు చేశారు. వాళ్లలో అమ్మమ్మలు, నాయనమ్మలు కూడా ఉన్నారు. మీకు అక్షరాలు, అంకెలు కూడా వచ్చు. కండెన్సర్ మీది అంకె చదవగలిగితే సగం పని వచ్చినట్లే.

మాట్లాడుకోండి

1. టార్చిలైటు వేసి చూస్తే ఏం తెలుస్తుంది?
2. ప్లగ్గు తీశాక కూడా ఎందుకు జాగ్రత్తగా ఉండాలి?
3. మీ గల్లీలో ఈ పని నేర్పగలవాళ్లు ఎవరున్నారు?