మోదుగ పువ్వు: వృక్షశాస్త్ర లక్షణాల ఆధారంగా గుర్తింపు

మాఘ ఫాల్గుణాలలో తెలుగు ప్రాంతపు ఆకురాల్చు అడవులలో ఎర్రగా పూచే చెట్టు ఒక్కటే కాదు. మోదుగ, బూరుగ, బాడిద మూడూ దాదాపు ఒకే కాలంలో, ఆకులు రాలిన కొమ్మలపై పూస్తాయి. వసంతవర్ణనలకు వ్యాఖ్య రాసేవారు గాని, జానపద గేయాలను సేకరించేవారు గాని ‘ఆకులేని చెట్టుకు ఎర్రని పూలు’ అన్న ఒక్క ఆధారంతో వృక్షాన్ని నిర్ణయిస్తే పొరపాటు పడే అవకాశం ఎక్కువ. అనువాదంలో చిక్కు ఇంకా పెరుగుతుంది. మోదుగకు ఆంగ్లంలో ఉన్న ‘ఫ్లేమ్ ఆఫ్ ది ఫారెస్ట్’ అన్న పేరును కొందరు ఎర్ర తురాయికీ వాడతారు. తురాయి మడగాస్కర్ ద్వీపానికి చెందిన చెట్టు, పైగా గ్రీష్మంలో పూస్తుంది. ప్రాచీన కావ్యంలోని కింశుకాన్ని తురాయిగా అర్థం చెప్పడం దేశకాలాలు రెండింటికీ విరుద్ధం.

మోదుగ శాస్త్రీయ నామం బ్యూటియా మోనోస్పెర్మా, కుటుంబం ఫాబేసీ. లామార్క్ దీనిని ఎరిత్రినా ప్రజాతిలో, అంటే బాడిద చేరిన ప్రజాతిలోనే ఉంచాడు. సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కలపై 1795లో వెలువరించిన తొలి సంపుటంలో దీనిని బ్యూటియా ఫ్రాండోసాగా చిత్రసహితంగా వర్ణించాడు. నేటి నామం 1894లో టౌబర్ట్ స్థిరపరచినది. లామార్క్ నిర్ణయం నిరాధారమైనది కాదు. రెండు చెట్లదీ ఒకే కుటుంబం, రెండింటికీ మూడేసి పత్రకాలు గల సంయుక్త పత్రాలే.

భేదం పువ్వులో స్పష్టపడుతుంది. మోదుగ రక్షక పత్రావళి ముదురు గోధుమవన్నెలో, మఖమలు వంటి నూగుతో ఉంటుంది. దూరం నుంచి చూస్తే నల్లగా కనిపించే ఈ గిన్నెల వల్లనే నారింజ ఎరుపు మరింత ప్రజ్వలంగా తోస్తుంది. ఆకర్షణ పత్రాలు అయిదు: ఒక ధ్వజం, రెండు బాహువులు, కలిసి ద్రోణిగా ఏర్పడిన మరి రెండు. వీటి వెలుపలి తలంపై వెండివన్నె పట్టునూగు ఉంటుంది. ద్రోణి కొడవలిలా వంగి చిలుక ముక్కును తలపిస్తుంది. ‘ఇది చిలుకా?’ అనే అర్థమిచ్చే కింశుక శబ్దానికి మూలంగా చెప్పే పోలిక ఇదే. పది కేసరాలలో తొమ్మిది ఒక కట్టగా, ఒకటి విడిగా ఉండి ద్రోణిలోనే ఇమిడి ఉంటాయి. వాసన లేకపోవడం సుభాషితాలలో సైతం ప్రసిద్ధమైన లక్షణం.

బాడిదలో ధ్వజం ఒక్కటే పొడవుగా పెరుగుతుంది. బాహువులు, ద్రోణి అతి చిన్నవి కనుక కేసరాలు బయటకు చొచ్చుకొని వస్తాయి, చిలుకముక్కు ఆకారం ఏర్పడదు. రక్షక పత్రావళి ఒక పక్క నిలువునా చీలుతుంది, కొమ్మలకు ముళ్లుంటాయి. బూరుగను వేరు చేయడం సులభం. దాని అయిదు దళసరి రేకులు ఒకే తీరుగా ఉంటాయి, కేసరాలు అనేకం.

పూలు రాలిన తరువాత కాయ సాక్ష్యమిస్తుంది. మోదుగ కాయ చదునుగా, నూగుతో ఉండి కొసన ఒకే గింజను మోస్తుంది. మోనోస్పెర్మా అంటే ఒంటిగింజ గలదని అర్థం. బాడిద కాయ గింజల మధ్య నొక్కుకుపోయి పూసలపేరులా ఉంటుంది. బూరుగ కాయ పగిలితే దూది వెలువడుతుంది.

అయితే పువ్వు ఒక్కటే చాలని సందర్భమూ ఉంది. తీగమోదుగ, అనగా బ్యూటియా సుపర్బా, పూలు మోదుగ పూలనే పోలి ఉంటాయి, కాయ కూడా ఒంటిగింజదే. అది చెట్లపైకి పాకే దారుతీగ. అందువల్ల క్షేత్రపర్యటనలో సేకరించిన పువ్వుతో పాటు మొక్క చెట్టా, తీగా అన్నది అక్కడికక్కడే నమోదు చేయవలసి ఉంటుంది. ఎండిన నమూనాలో ఆ సమాచారం మళ్లీ దొరకదు. ఇక రంగు విషయానికి వస్తే, పసుపుపచ్చని పూలు పూచే మోదుగలు కూడా అరుదుగా కనిపిస్తాయి. అటువంటి చెట్టులోనూ ద్రోణి వంపు, ఒంటిగింజ కాయ మారవు.