పాకగ్రంథ నిర్మాణమున కడపటి దశలు: షాబాదు జొన్నరొట్టె ఉదాహరణముగా

పాకమును గూర్చిన రచన మన దేశమున ప్రాచీనమైనది. కల్యాణి చాళుక్య ప్రభువగు మూడవ సోమేశ్వరుడు క్రీ.శ. 1129 ప్రాంతమున సంతరించిన 'మానసోల్లాస'మున అన్నభోగమను ప్రకరణము కలదు. తెలుగు కవులలో పాల్కురికి సోమనాథుడు, శ్రీనాథుడు, శ్రీకృష్ణదేవరాయలు, హంసవింశతి కర్తయగు అయ్యలరాజు నారాయణామాత్యుడు భక్ష్యభోజ్యములను ఎంత విపులముగా పేర్కొనిరో పాఠకులెరుగుదురు. సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో ప్రకటించిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో మన పూర్వుల ఆహారమును గూర్చి చెప్పిన సంగతులకు ఇట్టి కావ్యవర్ణనములే ముఖ్యాధారములు. అయినను కావ్యమున వంటకము పేరు దొరకునుగాని వంట దొరకదు. 'ఇది తినిరి' అని కవి చెప్పును. 'ఇట్లు వండిరి' అని చెప్పుట అతని పని కాదు. అందువలన పేరు మాత్రమే మిగిలి, చేయు విధము తెలియని వంటకముల యెదుట వ్యాఖ్యాత 'ఒక భక్ష్యవిశేషము' అని వ్రాసి ఊరకుండవలసి వచ్చుచున్నది. రాబోవు తరముల వ్యాఖ్యాతకు ఈ దుస్థితి కలుగకుండ చేయగలది నేటి పాకగ్రంథము.

పాకగ్రంథ నిర్మాణమున సేకరణము, లేఖనము మొదటి దశలు. వీనిని గూర్చి పరిశోధకులు కొంత ఎరుగుదురు. కడపటి దశలు మూడు: వ్రాసిన దానిని వండి పరీక్షించుట, పాఠమును పరిష్కరించుట, ఛాయాచిత్రములు తీయించి అచ్చునకు సిద్ధపరచుట. సాధారణముగా ఈ మూడును మువ్వురి చేతులలో వేరువేరుగా సాగుచుండును. అట్లు సాగినపుడే గ్రంథము అసత్యము పలుకుట ప్రారంభించునని మా అభిప్రాయము. ఈ మూడును ఒకదానికొకటి సాక్ష్యమిచ్చునట్లు నడపవలెనని నిరూపించుటయే ఈ వ్యాసోద్దేశము.

ఉదాహరణముగా షాబాదు ప్రాంతపు జొన్నరొట్టెను గ్రహించితిమి. షాబాదు రంగారెడ్డి జిల్లాలో మండల కేంద్రము. చేవెళ్ళ, మొయినాబాదులకు ఇరుగుపొరుగు సీమ. ఒకనాడు ఈ ప్రాంతమున జొన్నయే నిత్యాహారము. 1983లో కిలో రెండు రూపాయల బియ్యపు పథకము వచ్చిన పిదప తెలంగాణ పల్లెలలో వరియన్నము మరింత వ్యాపించి, రొట్టె క్రమముగా వెనుకబడెను. ఇప్పుడు హైదరాబాదు వీధులలో సాయంకాలము రొట్టెలు చేసి అమ్ముచున్నారు. మధుమేహమునకు మంచిదని కొని తినువారును పెరిగిరి. తినువారు పెరుగుచుండగా ఇంట చేయనేర్చినవారు తగ్గుచున్నారు. ఇట్టి సంధికాలమున వ్రాయబడు పుస్తకమునకు బాధ్యత ఎక్కువ.

1. పరీక్ష

వంటకత్తె కొలతలు చేతిలో ఉండును. పిడికెడు, చారెడు, చిటికెడు అనునవి ఆమెకు స్పష్టములు; చదువరికి కావు. పాత్రల కొలతలును ఇట్టివే. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక యను నిష్పత్తి ప్రసిద్ధమైనను, మానిక పరిమాణము అన్ని సీమలందు ఒక్కటి కాదు. భారతదేశమున 1956 నాటి తూనికలు కొలతల చట్టము మెట్రిక్ పద్ధతిని ప్రవేశపెట్టెను. అమెరికాలో ఫానీ ఫార్మర్ 1896లో ప్రకటించిన బోస్టన్ వంట పాఠశాల గ్రంథమున గిన్నెను, చెంచాను సమముగా గీచి కొలుచు పద్ధతిని నిర్బంధించెను. ఆ గ్రంథము ప్రసిద్ధి కెక్కుటకు ఇది ముఖ్యకారణము.

అయితే వండునామెను ఆపి 'ఇది ఎన్ని గ్రాములు?' అని అడిగినచో ఆమె చేయి తడబడును. ఆమె సహజముగా చేయుపని మారిపోవును. కావున ఆమె తీసికొనక ముందు పిండిపాత్రను ఒకసారి, తీసికొనిన పిదప మరియొకసారి తూచవలెను. ఆ భేదమే ఆమె పిడికెడు. కాగిన నీటి విషయమునను ఇదే పద్ధతి. వేరువేరు దినములలో మూడుసార్లయినను ఇట్లు తూచి చూచినగాని కొలత వ్రాయరాదు.

కొలత ఒక్కటియు చాలదు. జొన్నపిండిలో గోధుమకు గల సాగుడు గుణము లేదు. అందుచేత మరిగిన నీరు పోసి, వేడి తగ్గకమునుపే మడిమెచేతితో అదిమి పిసుకవలెను. పిండి నిలువయున్నకొలది దాని పట్టు సడలి, రొట్టె తట్టునపుడు అంచులు పగులును. కనుక 'నీరు తగినంత' అని వ్రాయుట ఎట్లు లోపమో, 'నీరు ఇన్ని మిల్లీలీటర్లు' అని మాత్రమే వ్రాయుటయు అట్లే లోపము. కొలతతోపాటు గుర్తు చెప్పవలెను. పిండిముద్దను అరచేతనుంచి నొక్కినపుడు అంచు చీలకుండుట ఒక గుర్తు. పెంకపై వేసిన రొట్టె పైభాగమున పూసిన తడి ఆరిపోవుట తిరుగవేయుటకు గుర్తు. పిదప నిప్పుసెగకు రొట్టె పొంగుట పాకము కుదిరెననుటకు గుర్తు.

ఇట్లు వ్రాసిన పాఠమును ఎన్నడును రొట్టె చేయని వ్యక్తి చేతికిచ్చి, నోటిమాటగా ఏమియు చెప్పక చేయింపవలెను. అతడు ఎచ్చట ఆగి సంశయించునో అచ్చట పాఠమున లోపమున్నదని గ్రహింపవలెను. వ్రాతప్రతిని పరిష్కరించువాడు అర్థము పొసగని చోట లేఖకదోషమును శంకించునట్లే, ఇచటను చేయి ఆగిన చోట రచనాదోషమును శంకింపవలెను.

తెలుగు గ్రంథములలో దీనికి తగిన నిదర్శనము కలదు. నిర్మలారెడ్డిగారు 1974లో 'వనితా వంటకాలు' అను గ్రంథమును ప్రకటించిరి. దాని నాధారముగా గొని ఆమె మనుమరాలు అర్చన పిడతలగారు 2016లో 'ఫైవ్ మార్సెల్స్ ఆఫ్ లవ్' అను ఆంగ్ల గ్రంథమును ఛాయాచిత్రసహితముగా వెలువరించిరి. మధ్య గడచిన కాలము నలువది రెండేండ్లు. భాష మారినది, పొయ్యి మారినది, చదువరియు మారినాడు. ఇట్టి స్థితిలో పాతపాఠమును మక్కికి మక్కిగా భాషాంతరీకరించిన చాలదు. ప్రతి వంటకమును మరల పొయ్యి మీదికి ఎక్కింపవలసినదే.

2. పాఠ పరిష్కరణము

పరీక్షలో నిలిచిన పాఠము పరిష్కర్త చేతికి వచ్చును. ప్రాంతీయ పాకగ్రంథమునకు ఇదియే గండము. సీమమాటలను 'సరిదిద్ది' అందరికి తెలిసిన మాటలుగా మార్చవలెనను కోరిక పరిష్కర్తకు సహజము. పెంక పెనమగును, పుంటికూర గోంగూర యగును, ఉల్లిగడ్డ ఉల్లిపాయగను, పల్లీలు వేరుశనగలుగను మారును, తొక్కు పచ్చడియై పోవును. ఒక్కొక్క మార్పు చిన్నదిగా తోచును. అన్నియు కలిసిన పిదప ఆ వంటకము ఏ సీమదో చెప్పుటకు ఆధారముండదు.

ఈ మార్పులలో అర్థహానియు కలదు. తొక్కు అను మాటలో తొక్కుట, అనగా రోటిలో దంచి నలుగగొట్టుట, ఇమిడియున్నది. పచ్చడి యని దిద్దినచో ఆ క్రియ పేరునుండి తొలగిపోవును. చదువరి యంత్రమున మెత్తగా రుబ్బి, రుచి కుదరలేదని పుస్తకమును నిందించును. మాట చెడినందువలన వంట చెడిన దనుటకు ఇంతకన్న నిదర్శనమక్కరలేదు.

ఇందుకు మార్గము మన విశ్వవిద్యాలయ పరిశోధనలోనే కలదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వ్యవసాయ పదములతో, 1971లో చేనేత పదములతో మాండలిక వృత్తి పదకోశములను ప్రకటించెను. ఏ వస్తువునకు ఏ సీమలో ఏ పేరో, ఆ వృత్తి చేయువారి నోటనుండియే గ్రహించుట ఆ కోశముల పద్ధతి. పాకగ్రంథ పరిష్కర్తయు అట్లే చేయవలెను. మూలపాఠమున సీమమాటనే నిలిపి, మొదటిసారి వచ్చినచోట ఇతర సీమల మాటను పక్కన చూపవలెను. కడపటి పదసూచికలో రెండింటిని చేర్చి ఒకదానినుండి మరియొకదానికి దారి చూపవలెను. చదువరికి కష్టముండదు, మాటయు బ్రతుకును.

3. ఛాయాచిత్రము

పాకగ్రంథమున చిత్రము క్రొత్తది కాదు. మాళవ దేశమున మాండూ సుల్తాను గియాసుద్దీను కొలువులో పుట్టి, అతని కుమారుని కాలమున పూర్తియైన 'నిమత్‌నామా'లో యాబది చిత్రములు కలవు. ఇప్పుడా ప్రతి లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో నున్నది. ఆ చిత్రములలో పెక్కింట సుల్తాను కూర్చుండియుండును. చుట్టును పరిచారికలు పాత్రలతో మెలగుచుందురు. ఎవరి కొరకు వండిరో చిత్రము చెప్పును. ఎట్లు వండిరో చెప్పదు. ఇంగ్లండున ఇసబెల్లా బీటన్ 1861లో ప్రకటించిన గృహనిర్వహణ గ్రంథమున రంగుచిత్రములు చేరెను. అవి పళ్ళెములలో అమర్చిన సిద్ధ వంటకములు. నేటి పుస్తకములలో ఛాయాచిత్రము ప్రాయికముగా ఈ రెండవ మార్గముననే నడచుచున్నది.

పాకగ్రంథమున ఛాయాచిత్రము అలంకారము కాదు, ప్రమాణము అని మా సిద్ధాంతము. మాట చెప్పజాలని దానిని అది చూపవలెను. రొట్టె ఎంత పలుచన? అంచున ఎంత పగులు సహింపదగినది? పైనేర్పడు మచ్చలు ఎంత ముదురు? ఇవి వాక్యమునకు లొంగవు. కావున జొన్నరొట్టెకు ఐదు చిత్రములైన కావలెను: నీరు పోయుట, పిండి పిసుకుట, అరచేతితో తట్టుట, పెంకపై తడి పూయుట, నిప్పుపై పొంగుట. పళ్ళెములోని రొట్టె చిత్రము ఆరవది. అది లేకున్నను గ్రంథమునకు లోటు లేదు.

పొంగిన రొట్టె కొన్ని క్షణములలోనే అణగును. కావున మొదట చేసిన రొట్టెనొకదానిని అచ్చట నుంచి వెలుతురును, దూరమును సరిచూచుకొని, పిదప అసలు రొట్టెకై వేచియుండవలెను. ఎదుటినుండి పడు మెరుపుదీపము రొట్టె మేనిలోని ఎగుడుదిగుడులను చెరిపివేయును. వాకిటినుండి గాని కిటికీనుండి గాని పక్కవాటుగ పడు పగటి వెలుతురు వానిని స్పష్టపరచును. రంగు విషయమున మరింత జాగ్రత్త వలయును. జొన్నరొట్టె బూడిదచాయ గల తెలుపు. విద్యుద్దీపపు పసుపు వెలుతురులో తీసి సవరింపకున్నచో అది పసుపుపచ్చగ కనబడును. చదువరి దానిని మక్కరొట్టె యనుకొనును. బూడిదరంగు అట్ట నొకదానిని పక్కనుంచి మొదట ఒక చిత్రము తీసికొనినచో, పిదప రంగును దానినిబట్టి దిద్దవచ్చును.

రొట్టె క్రింద ఏమి పరచవలెనన్నది చిన్న ప్రశ్న కాదు. ఈ వ్యవహారమున షాబాదు పేరు ఒక చిక్కు తెచ్చును. షాబాదు బండ అని ప్రసిద్ధమైన రాయి ఈ షాబాదుది కాదు; కర్ణాటకమున కలబురగి జిల్లాలోని షాహాబాదునుండి వచ్చిన పేరది. అయినను ఆ సున్నపురాయియు, దానిని పోలిన తాండూరు బండయు ఈ ప్రాంతపు ఇండ్లలో నేలలందు, అరుగులందు విరివిగా పరచియున్నవి. మెరుగుపెట్టని బండ వెలుతురును తిప్పికొట్టదు. దాని బూడిదచాయపై తెల్లని రొట్టె స్పష్టముగా కనబడును. ఇంటనున్న వస్తువే చిత్రమునకును తగియుండగా పట్టణపు అంగడినుండి అరటియాకును, ఇత్తడి పళ్ళెమును తెచ్చి పెట్టుట పాఠమున పెంకను పెనముగ దిద్దుట వంటిదే.

ప్రకటనల కొరకు తీయు చిత్రములలో పాలకు మారుగ జిగురును, మంచుగడ్డ మీగడకు మారుగ ఆలుగడ్డ ముద్దను వాడుట కలదు. పాకగ్రంథమున ఇది కూడదు. చిత్రములోని రొట్టె పుటలోని పాఠమును అనుసరించి చేసినదై, చిత్రణమైన పిదప తినదగినదై యుండవలెను. పొంగని రొట్టె పొంగినట్లు చూపరాదు.

మరియొక ధర్మము కలదు. రొట్టె తట్టు చేతులు చిత్రమున కనబడును. పేరు మాత్రము తరచుగ కనబడదు. జిగ్యాసా గిరి, ప్రతిభా జైన్ గారలు 2005లో వెలువరించిన 'కుకింగ్ ఎట్ హోమ్ విత్ పెదత్త' అను గ్రంథము, వంటకములు చెప్పిన పరిగి సుభద్రా కృష్ణారావుగారిని పేరుననే నిలిపెను. ఆమె రాష్ట్రపతి వరాహగిరి వెంకటగిరిగారి పెద్ద కుమార్తె. ఆ గ్రంథమునకు 2006లో అంతర్జాతీయ గూర్మాండ్ పురస్కారము శాకాహార విభాగమున లభించెను. ప్రసిద్ధ కుటుంబపు పెద్దావిడకు దక్కిన ఈ గౌరవము, పల్లెలో రొట్టె చేసి చూపిన స్త్రీకిని దక్కవలెను. ఆమె సమ్మతి గొని, ఆమె కోరినచో చిత్రము క్రింద పేరు వేయుట పరిశోధకుని విధి.

4. అచ్చు

అచ్చులో సయాన్, మజెంటా, పసుపు, నలుపు అను నాలుగు సిరాలు కలసి రంగులగును. తెరపై వెలుగు కొన్ని ఎరుపులు ఈ సిరాలలో రావు. ఎండుమిరప తొక్కు కాగితముపై మందగించును. కనుక తెరను చూచి ఒప్పుకొనక, కాగితముపై తీసిన నమూనాను పగటి వెలుతురున, వీలైనచో వంటకమును పక్కన నుంచుకొని చూడవలెను. పుటల కూర్పులో ఐదు చిత్రములును వాని పాఠమును ఎదురెదురు పుటలలో నుండవలెను. చేతికి పిండియంటినవాడు పుట తిప్పలేడు. కడపటి దిద్దుబాటున అచ్చుతప్పులకన్న అంకెల తప్పులు ప్రమాదకరములు. మాటలో తప్పు చదువరి దిద్దుకొనును; ఉప్పు కొలతలో తప్పు కూరలో పడును.

ఇంతవరకు చెప్పిన దానివలన తేలినదేమనగా, పరీక్ష పాఠమునకు సాక్షి, పాఠము చిత్రమునకు సాక్షి, చిత్రము పరీక్షకు సాక్షి. చిత్రణము జరుగునపుడు పరిష్కర్త అచ్చట నుండవలెను. పదసూచిక సిద్ధమగునపుడు వండినామెను అడుగవలెను. తెలుగు శాఖలలోని పరిశోధక విద్యార్థులు ఒక్కొక్కరు తమ సీమవంటకము నొకదానిని గైకొని, ఈ పద్ధతిని అనుసరించి ఒక్క పుటను సిద్ధపరచినను, అది సాంఘిక చరిత్రకును భాషాచరిత్రకును నిలువగల ఆధారమగును. చేయెరిగిన పెద్దలు ఉన్నంతకాలమే ఈ పని సాధ్యము.