దినచర్య: ఒక మిత్రునికి వ్రాసే వ్రాత

మన అలంకార గ్రంథాలలో దినచర్యకు చోటు లేదు. కావ్యానికీ, నాటకానికీ, ఆఖ్యాయికకూ లక్షణాలు చెప్పిన పూర్వులు, ఒక మనిషి ఏనాటి కానాడు తన కంటబడినదానినీ తన మనస్సుకు తోచినదానినీ తేదీ వేసి వ్రాసుకొనే వ్రాతను ఒక ప్రక్రియగా గణించలేదు. ఆధునిక విమర్శకులు కూడా దానిని చాలావరకు చరిత్రకారులకే వదలివేశారు. అయినను రచయితకు ఇంతకన్న మంచి అభ్యాసశాల వేరొకటి లేదని నా అభిప్రాయం. దినచర్య ఎట్లు వ్రాస్తే భాషకూ రచయితకూ మేలు కలుగుతుంది, ఎట్లు వ్రాస్తే అది వట్టి కాలక్షేపంగా మిగిలిపోతుంది అన్నది విచారింపదగిన విషయం. ఈ విచారణకు మన దక్షిణదేశంలోనే చక్కని ఉదాహరణలు ఉన్నవి.

వానిలో మొదట చెప్పదగినది ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర. ఆయన చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రీటర్ ఉద్యోగం చేసినవారు. 1830 మే 18వ తేదీన పరివారంతో బయలుదేరి, కడప, కర్నూలు సీమల మీదుగా హైదరాబాదు, నాగపూరు, ప్రయాగ, కాశీ, గయ, కలకత్తా చూచుకొని, తూర్పుతీరం వెంట తిరిగివచ్చి, 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరారు. దక్షిణదేశంలో రైలు నడిచినది 1856లో. కనుక 15 నెలల పైచిలుకు సాగిన ఈ ప్రయాణమంతా మజిలీలుగానే జరిగింది. ప్రతి మజిలీలోను ఆయన ఆనాటి విశేషాలు వ్రాశారు. దారి ఎట్టిది, ఊరిలో ఏ వస్తువులు దొరుకుతవి, దిగడానికి వసతి ఉన్నదా లేదా, నది దాటడం ఎట్లు, గుడిలో అర్చన ఏ రీతిగా జరుగుతుంది, ప్రజల నడవడి ఎట్టిది - ఇవి ఆయన వ్రాసిన సంగతులు. వీనిని ఆయన చెన్నపట్టణంలోని తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళగారికి పంపుతూ వచ్చారు. వీరాస్వామయ్యగారు 1836లో కీర్తిశేషులు కాగా, 1838లో శ్రీనివాసపిళ్ళగారే ఆ వ్రాతలను పుస్తకంగా ప్రకటించారు. దిగవల్లి వేంకటశివరావుగారు 1941లో దీనిని తిరిగి వెలుగులోనికి తెచ్చారు.

ఈ గ్రంథాన్ని యాత్రా సాహిత్యమని వర్గీకరించి ఊరుకోవడం పరిపాటి. నాకు అంతకన్న ముఖ్యంగా తోచేది, ఇది ఒక మిత్రుని ఉద్దేశించిన వ్రాత అన్న విషయం. తనకోసమే వ్రాసుకొనేవాడు సగం మాటలు మింగివేస్తాడు. తనకు తెలిసినది తనకు చెప్పుకోనక్కరలేదు గదా! లోకానికంతటికీ వ్రాసేవాడు మాటలను అలంకరిస్తాడు. సభలోనికి వెళ్ళేవాడు మంచి ఉత్తరీయం వేసుకొన్నట్లు. ఒక్క మిత్రునికి వ్రాసేవాని స్థితి ఈ రెంటికీ నడుమ ఉంటుంది. మిత్రుడు ఆ ఊరు చూడలేదు, కనుక వివరంగా చెప్పాలి. మిత్రునికి తన సంగతి తెలుసు, కనుక డంబాలు పనికిరావు. వివరణ, నిరాడంబరత అనే రెండు గుణాలూ ఒక్కసారిగా అలవడే రచనావిధానం ఇదొక్కటే.

దీని ఫలితం భాషలో కనబడుతుంది. వీరాస్వామయ్యగారి వచనం ఆనాటి విద్యావంతులు ఇంట్లోనూ కచేరీలోనూ మాట్లాడుకొన్న తెలుగుకు మిక్కిలి దగ్గరగా ఉంటుంది. కచేరీలలో వాడుకలో ఉన్న అన్యదేశ్యాలను ఆయన వెలివేయలేదు. చిన్నయసూరి నీతిచంద్రిక వెలువడినది 1853లో. అనంతరం చాలాకాలం దాని వచనమే పాఠశాలలకు ఒరవడి అయింది. గిడుగు రామమూర్తి పంతులుగారు వ్యావహారికం కోసం ఉద్యమించినది ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో. ఈ వాదం పుట్టడానికి డెబ్బదియేండ్లకు పూర్వమే, వాదమేమీ చేయకుండా, ఒక ఉద్యోగి తన మిత్రునికి నాగపూరునూ కలకత్తానూ తెలుగులో చెప్పగలిగారు. ఆయన ముందు సిద్ధాంతం లేదు. సాయంకాలంలోగా చెప్పవలసిన సంగతి ఉన్నది. అవసరమే ఆయనకు మాటలను సమకూర్చింది.

ఇంతకు సుమారు నూరేండ్ల ముందు, పుదుచ్చేరిలో మరొకరు దినచర్య ఆరంభించారు. ఆయన ఆనందరంగపిళ్ళ. ఫ్రెంచి గవర్నరు డూప్లేకు దుబాసీ. తెలుగువారికి ఆయన అపరిచితులు కారు. కస్తూరి రంగకవి తన లక్షణగ్రంథానికి ఆనందరంగరాట్ఛందమని పేరు పెట్టినది ఆయన మీదనే. పిళ్ళగారు 1736 మొదలు 1761 వరకు, తమిళంలో, తాను కన్నదీ విన్నదీ వ్రాసుకొంటూ వచ్చారు. ఓడల రాకపోకలు, సరకుల బేరాలు, దొరలతో జరిగిన సంభాషణలు, ఊరిలో పుట్టిన వదంతులు అందులో ఒకదాని పక్కన ఒకటి ఉంటవి. పుదుచ్చేరి 1761 జనవరిలో ఆంగ్లేయుల వశమైంది. అంతకు కొద్దిదినాల ముందే ఆయన కన్నుమూశారు. ఆ వ్రాత తరువాత ఆంగ్లంలోనికి అనువదింపబడి 1904 - 1928 సంవత్సరాల నడుమ 12 సంపుటాలుగా వెలువడింది.

పిళ్ళగారి వ్రాతవల్ల మనకు తెలియవచ్చేది మరొక విశేషం. చరిత్రకారునికి కథ ముగింపు ముందే తెలుసు. ఫ్రెంచివారు ఓడిపోయారని తెలిసి వ్రాసేవాడు ప్రతి సంఘటనలోను ఆ ఓటమినే చూస్తాడు. దినచర్య వ్రాసేవానికి రేపేమి జరుగుతుందో తెలియదు. నేటి ఆశ, నేటి భయం, నేటి అపోహ అన్నీ ఉన్నవి ఉన్నట్లుగా కాగితం మీద నిలుస్తవి. ఇది నవలాకారుడు ఎంత శ్రమించినా తేలికగా సాధింపలేని గుణం. అందుచేతనే దినచర్యలో పాతపుటలను నేటి తెలివితో దిద్దకూడదు. తరువాత తెలిసినదానిని తరువాతి తేదీ క్రిందనే వ్రాయాలి. దిద్దిన దినచర్య ఆత్మకథ అవుతుంది. అదీ మంచి ప్రక్రియయే కాని, దాని ధర్మం వేరు.

మూడవ ఉదాహరణ గురజాడ అప్పారావుగారిది. ఆయన దినచర్యలూ లేఖలూ చాలవరకు ఆంగ్లంలో ఉన్నవి. అవసరాల సూర్యారావుగారు వానిని తెలుగు చేసి మనకు అందించారు. కన్యాశుల్కంలో ఒక్కొక్క పాత్రకు ఒక్కొక్క నుడికారం సమకూర్చిన మహారచయిత, తన ఏకాంతంలో పరభాషను ఆశ్రయించడం ఆలోచింపదగిన విషయం. అది ఆయన లోపమని చెప్పడానికి వీలులేదు. ఆయన కాలంలో ఆంగ్లవిద్య నేర్చినవారికి గ్రంథవిమర్శ, రాజకీయం, సంస్థానపు వ్యవహారం, ఇవన్నీ ఆంగ్లంలోనే ఆలోచనకు వచ్చేవి. ఆ విషయాలలో తెలుగు వచనానికి ఇంకా బాట పడలేదు. కాని వానిలో కొంతభాగమైనా ఆయన చేతిలో తెలుగున నడచి ఉంటే మన విమర్శభాష మరింత ముందుగా పరిపక్వమై ఉండేదని అనిపించక మానదు.

ఈ మువ్వురూ రెండు భాషల నడుమ నిలిచినవారు కావడం గమనింపదగినది. ఇరువురికి ఇతరుల మాటలను భాషనుండి భాషకు చేరవేయడమే వృత్తి. పగలంతా పరుల మాట పలికేవానికి సాయంకాలం తన మాట వెతుక్కోవలసిన అగత్యం కలుగుతుంది. అనువాదకునిగా ఈ అగత్యం నాకు అనుభవంలో ఉన్నదే. చాలయేండ్లుగా నేను వ్రాసుకొంటున్న పుస్తకంవల్ల తేలిన కొన్ని విషయాలు ఇక్కడ చెప్పడం అప్రస్తుతం కాదు.

మొదటిది, భావం కన్న వస్తువు ఎక్కువకాలం నిలుస్తుంది. “నేడు మనస్సు బాగుండలేదు” అన్న వాక్యం పదేండ్ల తరువాత ఏమీ చెప్పదు. “ఒక్క క్రియాపదం కోసం మూడు గంటలు కూర్చున్నాను, వాన వెలిసేసరికి దొరికింది” అని, ఆ పదమేదో కూడా వ్రాసి ఉంచితే, ఆ మనస్సూ ఆ పనీ కలసి తిరిగి ఎదుట నిలుస్తవి. రెండవది, నియమం ప్రేరణను పిలుస్తుంది. ఏమీ జరుగలేదనుకొన్న దినాన నాలుగు వాక్యాలు వ్రాయ కూర్చుంటే, జరిగినదేమో అప్పుడు తెలుస్తుంది. మూడవది, చిన్న సంగతికి తెలుగు మాట కావలసివచ్చినప్పుడే మన పదసంపద ఎంతటిదో తెలిసిపోతుంది. ప్రకృతివర్ణనకు మనకు మాటలు కోకొల్లలు. ఇంటి అద్దె పత్రం, వైద్యుడు చేసిన పరీక్ష, పక్కింటివారితో నీటికోసం వచ్చిన పేచీ, వీనిని నాలుగు సరళమైన వాక్యాలలో చెప్పడం కవిత్వం చెప్పడం కన్న సులభమేమీ కాదు.

దినచర్య అహంకారాన్ని పెంచుతుందని కొందరు ఆక్షేపిస్తారు. అద్దం ముందు కూర్చుని వ్రాసేవాని విషయంలో అది నిజమే. కిటికీ దగ్గర కూర్చుని వ్రాసేవానికి ఆ భయం లేదు. వీరాస్వామయ్యగారి పుస్తకంలో “నేను” ఉన్నాడు గాని, ఆ నేను దారి చూపేవాడే తప్ప దారికి అడ్డం నిలిచేవాడు కాడు. మరొక ఆక్షేపణ పరుల రహస్యాలకు సంబంధించినది. మనతో నమ్మికగా మాట్లాడినవారి మాటను వ్రాసుకోవడం వేరు, ప్రకటించడం వేరు. వ్రాయునప్పుడు నిర్భయత్వం, ప్రకటించునప్పుడు సంయమనం ఉండాలి. ఈ రెంటి నడుమ కొంత కాలవ్యవధి అవసరం. వ్రాసిన క్షణంలోనే వేలమందికి చేర్చగల సాధనాలు నేడు అందరి చేతిలోను ఉన్నవి. వానివల్ల మేలు లేకపోలేదు. కాని వ్యవధి పోయినప్పుడు మిత్రుడూ పోతాడు. అతని స్థానంలో సభ వచ్చి కూర్చుంటుంది. వెంటనే ఉత్తరీయం కూడా వస్తుంది. వేలమంది చదివే వ్రాతనైనా ఒక్క మిత్రుని ముఖం తలచుకొని వ్రాయడమే దీనికి నివారణ.

ఈ మాట తెలుగునాడు విడిచి దూరంగా నివసించే రచయితలకు మరింత వర్తిస్తుంది. ముంబయిలోనో, ఢిల్లీలోనో, కలకత్తాలోనో, దేశాంతరంలోనో ఉన్నవారు కథకూ కవితకూ తెలుగును భద్రంగా దాచుకొంటున్నారు. నిత్యజీవితాన్ని మాత్రం ఇతర భాషలకు అప్పగించవలసివస్తున్నది. పండుగనాడు మాత్రమే పెట్టె తీసి కట్టుకొనే పట్టుబట్ట వంటిదైపోతే భాష మడతల దగ్గరే చివుకుతుంది. దానిని నిత్యం కట్టే నేతచీరగా ఉంచుకోవడానికి పెద్ద ప్రయత్నం అక్కరలేదు. తానున్న నగరంలోని రైలును, అంగడిని, ఆసుపత్రిని, పొరుగువారి పండుగను, ఆ ఊరు ఎన్నడూ చూడని ఒక తెలుగు మిత్రునికి చెప్పినట్లు ప్రతిదినం కొన్ని వాక్యాలు వ్రాస్తే చాలు.

అట్టి వ్రాతలన్నీ అచ్చుకు యోగ్యమైనవి కానక్కరలేదు. కాశీయాత్ర చరిత్రను అచ్చువేసినది వ్రాసినవారు కారు, చదివిన మిత్రుడు. అచ్చు సంగతి చదివినవారికి విడిచిపెట్టి, తేదీ వేసి, నేటి సంగతి నేడు వ్రాయడమే రచయిత పని.