వజ్రాల సీమలో రూపాయి లెక్క

తొలకరి చినుకు పడిందంటే చాలు... వజ్రకరూరు చేలల్లో ఎటు చూసినా మనుషులే! తలలు వంచుకుని, చూపు నేలకు గుచ్చి, అడుగులో అడుగేసుకుంటూ వెతుకుతుంటారు. పైమట్టి కొట్టుకుపోయి ఎక్కడైనా ఓ రాయి తళుక్కుమనకపోతుందా అన్న ఆశ. చుట్టుపక్కల ఊళ్ల వాళ్లే కాదు, ఎక్కడెక్కడి నుంచో సద్దిమూటలు కట్టుకుని మరీ వస్తారు. ఒక్క రాయి... ఒకే ఒక్క రాయి దొరికితే తలరాతే మారిపోతుందని!

అదే చినుకుకు అదే ఊళ్లో ఇంకో లెక్క కూడా మొదలవుతుంది. మగదిక్కు లేని ఇంట్లో, పిల్లల్ని వెంటేసుకుని సంసారాన్ని ఒంటిచేత్తో ఈదే తల్లి లెక్క అది. వాన పడింది కాబట్టి రేపటి నుంచి చేలో కూలి దొరుకుతుంది. బడి తెరిచారు కాబట్టి పుస్తకాలు, చెప్పులు కొనాలి. కారే కప్పుకు పట్ట కప్పించాలి. ఈ మూడింట్లో ఏది ముందు, ఏది వెనక? వజ్రం కోసం చేలవెంట తిరిగితే ఆ రోజు కూలి పోతుంది. కూలికి వెళ్తే... ఇంట్లో జ్వరంతో పడుకున్న పిల్లాడిని ఎవరు చూడాలి?

ఈ చిక్కుముడిని రోజూ విప్పుకుంటూ బతికే తల్లులు ఈ కరవు సీమలో ఊరూరా ఉన్నారు.

కరవు మిగిల్చిన ఇళ్లు

అనంతపురంలో ఏడాది మొత్తానికి పడే సగటు వాన 550 మిల్లీమీటర్లకు అటూఇటూ. అదీ అదనుకు పడుతుందన్న నమ్మకం లేదు. ఆ వానను నమ్ముకునే దశాబ్దాలపాటు జిల్లా రైతులు లక్షల ఎకరాల్లో వేరుశనగ వేశారు. విత్తనం అప్పు, ఎరువు అప్పు, ఎండిపోయిన బోరు పక్కన ఇంకో బోరు తవ్వించేందుకు మళ్లీ అప్పు. పంట పోయిన ఏడాది ఆ అప్పే మెడకు ఉరైంది. రైతు ఆత్మహత్యలతో జిల్లా పేరు దేశమంతా వినబడింది.

ఆ వార్తల్లో పోయినవాళ్ల గురించే ఎక్కువగా రాశారు. మిగిలినవాళ్ల అసలు కథ మర్నాటి నుంచి మొదలైంది. పదో రోజు గడిచి బంధువులు వెళ్లిపోయాక గడపలో మిగిలింది ఓ తల్లి, పిల్లలు, వడ్డీ వ్యాపారి. వీళ్లకు తోడు జబ్బుతోనో తాగుడుతోనో భర్త పోయినవాళ్లు, భర్త వదిలేసి వెళ్లినవాళ్లు, బెంగళూరుకు వలసపోయిన మనిషి మళ్లీ ఇంటి ముఖం చూడనివాళ్లు. కారణాలు వేరైనా కష్టం ఒక్కటే. ఇద్దరు మోయాల్సిన బరువు ఒక్కరి నెత్తిమీద పడింది.

రెండే చేతులు... రెండు షిఫ్టులు

ఇంటిపనికి ఎంత సమయం పడుతుంది? జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన సమయ వినియోగ సర్వేలో దీనికి జవాబు దొరికింది. ఇంటిపని చేసే మహిళలు రోజుకు సగటున 299 నిమిషాలు దానికే పెడుతున్నారు. చేసే మగవాళ్లు పెడుతున్నది 97 నిమిషాలు. 2024లో మళ్లీ లెక్కేస్తే ఆమెవి 289, అతనివి 88 నిమిషాలు. అంటే ఎటు చూసినా ఆమెకు దగ్గరదగ్గర అయిదు గంటలు. జీతం లేదు, సెలవు లేదు.

ఒంటరి తల్లికి ఈ అయిదు గంటలూ కూలిపని ఎనిమిది గంటలకు అదనం. పైగా అతను చేసే పనులు కూడా ఆమెవే. పిండిమరకు వెళ్లడం, బ్యాంకులో నిలబడటం, కప్పు బాగుచేయించడం, పిల్లల బడిలో సంతకం పెట్టడం... అన్నీ!

1975 అక్టోబరు 24న ఐస్‌లాండ్‌లో పదింట తొమ్మిదిమంది మహిళలు ఒక్క రోజు ఇంటిపని, బయటిపని రెండూ మానేశారు. దేశం స్తంభించింది. పిల్లల్ని తండ్రులు ఆఫీసులకు ఎత్తుకెళ్లాల్సి వచ్చింది. వజ్రకరూరులో ఒంటరి తల్లి ఒక్క పూట మానేస్తే ఎత్తుకెళ్లే మనిషే లేడు. అందుకే ఈ ఇంట్లో డబ్బుకన్నా ముందు పొదుపు చేయాల్సింది సమయాన్ని.

ఈ సంగతి రాయలసీమ వంటింటికి ఎప్పుడో తెలుసు. రాత్రి కెలికిన రాగిసంగటిలో ఓ ముద్ద తీసి నీళ్లలోనో మజ్జిగలోనో వేసి ఉంచితే పొద్దున్నకు సద్ది సిద్ధం. ఒక్క పొయ్యి, రెండు పూటలు. బుడ్డలు వేయించి, ఎండుమిరపకాయలు కలిపి దంచిన పొడి వారం పైగా నిలవుంటుంది. కూర లేని పూట అదే కూర. మధ్యాహ్నం బడిలో పిల్లలకు భోజనం ఉంది కాబట్టి ఆ పూట పొయ్యి వెలిగించే పని లేదు.

అయితే పొదుపు పేరుతో సమయం పోగొట్టుకునే సందర్భాలూ ఉంటాయి. గ్యాస్ మిగులుతుందని కంపకట్టెల కోసం సగం రోజు తిరిగితే పోయింది సగం కూలి. పని లేని రోజుల్లో కట్టెలు కొట్టి పేర్చుకుని, పని ఉన్న రోజుల్లో గ్యాస్ మీద వండితే రెండు వైపులా కలిసొస్తుంది. రాష్ట్రంలో 2024 నవంబరు నుంచి అర్హులకు ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా ఇస్తున్నారు. వాటిని పనుల కాలానికి దాచుకోవడమూ ఓ లెక్కే!

వచ్చేది అప్పుడప్పుడు... పోయేది రోజూ

ఇద్దరు పిల్లలున్న ఓ ఇంటిని ఉదాహరణగా తీసుకుందాం. వితంతు పింఛను 2006లో నెలకు 200 రూపాయలు. అది 2014లో వెయ్యికి, 2019లో 2,000 దాటి, 2024లో 4,000కు చేరింది. అంటే ఏడాదికి 48,000. ఇక ఉపాధి హామీ. దేశం మొత్తానికి ఆ పథకం మొదలైంది ఇదే జిల్లాలో, నార్పల మండలం బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న. 2025-26లో రాష్ట్రంలో రోజుకూలి 307 రూపాయలు. చట్టం చెప్పిన వంద రోజులూ పని దొరికి, కొలతల్లో కోత పడకుండా పూర్తి కూలి వస్తే 30,700.

రెండూ కలిపితే 78,700. రోజుకు 215 రూపాయలు. ముగ్గురు మనుషులు... తలకు 72 రూపాయల లోపు. తిండి, బట్ట, మందు, కరెంటు, పెళ్లికి చదివింపు, చావుకు దారిఖర్చు అన్నీ అందులోనే. రేషన్ బియ్యానికి డబ్బు కట్టక్కర్లేదు, నిజమే. కానీ పప్పు, నూనె, చింతపండు, సబ్బు ఉచితంగా రావు.

ఇక్కడే కంటికి కనబడని తేడా ఒకటుంది. వంద రోజుల హామీ ఇంటికి ఇచ్చింది, మనిషికి కాదు. ఆలుమగలిద్దరూ ఉన్న ఇంట్లో చెరో యాభై రోజులు చేస్తే సరి, మిగిలిన రోజులు వేరే కూలికి వెళ్లొచ్చు. ఒంటరి తల్లి వందా తనే చేయాలి. వేసవిలో తెల్లవారగానే గడ్డపార పట్టాలి. అయిదుగురు లేదా అంతకంటే ఎక్కువమంది పసిపిల్లలు పనిచోటికి వస్తే వాళ్లను చూసుకోవడానికి ఒకరిని పెట్టాలని చట్టంలోనే రాసుంది. అడిగిన చోట ఆ ఏర్పాటు దక్కుతుంది. అడగని చోట పసిబిడ్డ చెట్టు కింద ఉయ్యాలలో, పెద్దపిల్ల బడి మానేసి ఆ ఉయ్యాల పక్కన. 2025 డిసెంబరులో పార్లమెంటు ఈ చట్టం స్థానంలో మరోటి చేసింది. అందులో హామీ 125 రోజులు. అయితే వ్యవసాయ పనులు ముమ్మరంగా ఉన్నప్పుడు 60 రోజుల వరకూ పనులు ఆపొచ్చు. పనులు ఆపిన ఆ రోజుల్లో చేలో కూలి దొరక్కపోతే ఏంటన్నది ఇలాంటి ఇళ్లకు పెద్ద ప్రశ్నే.

అసలు చిక్కు మొత్తంలో లేదు, రాకలో ఉంది. వేసవిలో ఉపాధి కూలి. వానాకాలంలో కలుపు. అక్టోబరు, నవంబరుల్లో వేరుశనగ చెట్లు పీకడం, కాయలు కోయడం. ఆ తర్వాత నెలల తరబడి పని కోసం ఎదురుచూపులు. పొయ్యి మాత్రం పన్నెండు నెలలూ వెలగాలి.

పోపులడబ్బాకు తోడు ఇంకో మూడు

ఆడవాళ్లు పోపులడబ్బాలో డబ్బు దాచడం కొత్తేం కాదు. ఆ డబ్బానే నాలుగు చేస్తే ఆటుపోట్ల ఆదాయానికి ఓ గట్టు కట్టినట్టే.

మొదటిది తిండి డబ్బా. పింఛను వచ్చిన రోజే నెలకు సరిపడా పప్పు, నూనె, ఉప్పు, సబ్బు కొనేయాలి. చిల్లర అంగట్లో పొట్లాల లెక్కన కొంటే అదే సరుకుకు ఎక్కువ పోతుంది. అరువు పెడితే ధర గురించి నోరెత్తే వీలుండదు.

రెండోది బడి డబ్బా. 2025 జూన్‌లో ‘తల్లికి వందనం’ కింద ఒక్కో విద్యార్థికి 13,000 రూపాయలు తల్లి ఖాతాలో పడ్డాయి. ఒక్కసారిగా వచ్చే డబ్బు ఒక్కసారిగానే పోతుంది. పిల్లల పేరు మీద వచ్చింది పిల్లల చదువు దాటి పాత బాకీలోకి వెళ్లిందంటే, వచ్చే జూన్‌కు మళ్లీ కొత్త బాకీ.

మూడోది జబ్బు డబ్బా. రోజుకు పది రూపాయలు వేసినా ఏడాదికి 3,650. అర్ధరాత్రి పిల్లాడికి జ్వరమొస్తే ఎవరి తలుపూ తట్టక్కర్లేదన్న ధీమా దాని విలువ. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు టికెట్ లేదు. గుంతకల్లుకో అనంతపురానికో ఆసుపత్రికి వెళ్లొచ్చిన ప్రతిసారీ మిగిలిన ఆ ఛార్జీ ఈ డబ్బాలోకే!

నాలుగోది పని లేని నెలల డబ్బా. పంట పనులు జోరుగా ఉన్నప్పుడు వారానికి ఒక రోజు కూలి ఇందులో పడాలి. సంక్రాంతి తర్వాత పొయ్యిని వెలిగించేది ఇదే.

కాగితమే కొండంత అండ

డబ్బాల్లో డబ్బు పడాలంటే ముందు చేతిలో కాగితాలుండాలి. దుఃఖంలో ఉన్న మనిషికి కాగితాలు గుర్తుకురావు. ఆ ఆలస్యమే ఏళ్లపాటు వెంటాడుతుంది.

భర్త పోయిన 21 రోజుల్లోగా నమోదు చేయిస్తే మరణ ధ్రువపత్రానికి రుసుము లేదు. పింఛను, బ్యాంకు, భూమి... ఏ తలుపు తీయాలన్నా అదే తాళంచెవి. జన్‌ధన్ ఖాతా ఉంటే సరిపోదు. ఏడాదికి 436 రూపాయల జీవనజ్యోతి, 20 రూపాయల సురక్ష బీమాలు ఆ ఖాతాలో కోత పడుతున్నాయేమో పుస్తకంలో చూసుకోవాలి. మొదటిది ఎలా పోయినా, రెండోది ప్రమాదంలో పోతే రెండు లక్షలు.

భూమి సంగతి మరీ ముఖ్యం. హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేకుండా పోయిన భర్త ఆస్తిలో భార్యకు, పిల్లలకు, అతని తల్లికి సమాన వాటా. పాస్‌పుస్తకం మామ పేరునో బావ పేరునో ఉండిపోతే పంటరుణం లేదు, బీమా లేదు, నష్టపరిహారం లేదు. ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి 2004లో లక్షన్నర, 2015లో అయిదు లక్షలు, 2019లో ఏడు లక్షల పరిహారం ప్రకటించినా, అప్పు రుజువులూ భూమి కాగితాలూ చూపించలేని కౌలు రైతుల భార్యలు ఎందరో ఆఫీసుల చుట్టూ తిరిగి అలసిపోయారు.

భర్త వదిలేసినవాళ్లకు మనోవర్తి అడిగే హక్కుంది. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో అది 144వ సెక్షన్. లాయరు ఫీజుకు భయపడక్కర్లేదు. ఆదాయంతో సంబంధం లేకుండా ప్రతి మహిళకూ న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని పెడుతుంది. ఇక మిషన్ వాత్సల్య కింద భర్త పోయిన, వదిలేసిన తల్లుల పిల్లలకు నెలకు 4,000 రూపాయలిచ్చే ఏర్పాటుంది. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 మించకూడదు. దరఖాస్తు జిల్లా బాలల సంరక్షణ విభాగానికి. అంగన్‌వాడీ టీచర్ని అడిగినా దారి చెబుతుంది.

పదిమంది ఉంటే...

చేతికందే అప్పు చాలాసార్లు మెడకు చుట్టుకునే అప్పే. నూటికి మూడు రూపాయల వడ్డీకి పదివేలు తెస్తే ఏడాదికి వడ్డీయే 3,600. అదే నూటికి రూపాయి లెక్కన సంఘంలో తీసుకుంటే 1,200. మిగిలిన 2,400 దాదాపు ఎనిమిది రోజుల ఉపాధి కూలి! వారం వారం గుమ్మంలోకి వచ్చి వసూలు చేసే సూక్ష్మరుణాలు ఎంత ప్రాణాంతకమో 2010లో రాష్ట్రమంతా చూసింది. ఆ ఏడాది అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది.

పొదుపు సంఘాలు ఈ జిల్లాకు పాత చుట్టాలే. 2000లో ‘వెలుగు’ మొదలైన ఆరు జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఒంటరి తల్లికి సంఘం ఇచ్చేది అప్పు ఒక్కటే కాదు. ఇవాళ నీ పిల్లల్ని నేను చూస్తా, రేపు నా పిల్లల్ని నువ్వు చూడు... ఈ చేబదులు ఏ బ్యాంకూ ఇవ్వలేదు. ఇద్దరు తల్లులు వంతులు వేసుకుంటే చెరో సగం రోజు మిగులుతుంది. రెండే చేతులున్న ఇంటికి ఇంకో రెండు చేతులు దొరికినట్టు.

పెద్దపిల్ల బడి... ఆఖరి గీత

ఎంత సర్దుకున్నా కొన్నిసార్లు ఎక్కడో ఒకచోట తగ్గించక తప్పదు. ఆ తగ్గింపు తరచూ పెద్దపిల్ల మీదే పడుతుంది. తమ్ముణ్ని చూసుకోమని ఒక రోజు, కలుపుకు రమ్మని రెండు రోజులు... అలా మొదలై పేరు బడి పుస్తకంలో, పిల్ల చేలో. ఆ తర్వాత ‘ఎటూ ఇంట్లోనే ఉందిగా’ అంటూ పదహారేళ్లకే సంబంధాలు. తల్లి ఏ బరువు మోస్తోందో, పదేళ్లు తిరక్కముందే కూతురి నెత్తిన అదే బరువు.

అందుకే ఈ ఇళ్లలో బడ్జెట్‌కు ఒకటే గీత గీసుకోవాలి. పండగ బట్టలు తగ్గొచ్చు, చదివింపులు తగ్గొచ్చు, కప్పు ఇంకో ఏడాది కారొచ్చు. బడి మాత్రం ఆగకూడదు. ఇంటిపనిలో పిల్లలు చేయి వేయాల్సిందే. అందులో తప్పులేదు. అయితే కూతురు అంట్లు తోమితే కొడుకు నీళ్లు పట్టాలి, ఆమె ఊడిస్తే అతను బట్టలు ఉతకాలి. ఆ 97, 299 నిమిషాల తేడా చెరిగేది ఇలాంటి ఇళ్లలోనే.

వచ్చే తొలకరికి మళ్లీ చేలనిండా జనం దిగుతారు. పని దొరకని ఓ మధ్యాహ్నం ఆ తల్లి కూడా కొంగు బిగించి వాళ్లలో కలిసినా కలుస్తుంది. ఆశకు ఖర్చు లేదుగా! నాలుగ్గంటలు కాగానే మాత్రం ఆమె తలెత్తి చూస్తుంది. బడి వదిలే వేళ అయింది మరి.