జుట్టులోని గంధకపు వంతెనలు

రాత్రి తలస్నానం చేసి, తడి పూర్తిగా ఆరకముందే రెండు జడలు బిగించి వేసుకుని పడుకోండి. ప్రొద్దున జడలు విప్పితే జుట్టు అలలు అలలుగా ఉంటుంది. ఆడపిల్లలందరికీ తెలిసిన సంగతే ఇది. మళ్ళీ తల తడిసిందంటే ఆ అలలు మాయమైపోతాయి. అవి ఎందుకు వచ్చినట్లు? ఎందుకు పోయినట్లు?

వెంట్రుక కెరటిన్ అనే మాంసకృత్తుతో తయారవుతుంది. మన గోళ్ళూ, ఆవు కొమ్ములూ, గొర్రె ఉన్నీ ఈ కుటుంబానికి చెందినవే. మాంసకృత్తుల అణువులు పొడుగాటి గొలుసుల్లాంటివి. వెంట్రుకలో ఈ గొలుసులు ప్రక్కప్రక్కనే ఉండి, ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఆ పట్టులో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. మొదటిది హైడ్రోజన్ బంధం. ఇది బలహీనమైనది. నీరు తగిలితే విడిపోతుంది, ఆరగానే మళ్ళీ ఏర్పడుతుంది. ఆరే సమయానికి వెంట్రుక ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలోనే నిలబెడుతుంది. జడ తెచ్చిన అలల రహస్యం ఇదే.

రెండవది గంధకపు వంతెన. ఒక గొలుసులోని గంధక పరమాణువు, ప్రక్క గొలుసులోని గంధక పరమాణువుతో చెయ్యి కలుపుతుంది. వెంట్రుక బరువులో సుమారు 5 శాతం గంధకమే. వెంట్రుక కాలినప్పుడు వచ్చే ఘాటైన కంపుకు చాలావరకు కారణం ఇదే. ఈ వంతెనలు నీటికి విడిపోవు, దువ్వెనకు అసలే లొంగవు. పుట్టుకతో వచ్చిన ఉంగరాల జుట్టు ఎన్నిసార్లు తడిసినా ఉంగరాలుగానే ఉండటంలో వీటి పాత్ర చాలా ఉంది.

ఆ ఉంగరాలను శాశ్వతంగా సాపు చేయాలంటే ఈ వంతెనల మీదే చెయ్యి వెయ్యాలి. అమెరికాలో ఆఫ్రికా సంతతి వారు నూరేళ్ళకు పైగా ఈ పని చేస్తున్నారు. అందుకు వాడే మందును అక్కడ రిలాక్సర్ అంటారు. చాలామందికి ఇది అలంకారం కోసం మాత్రమే కాదు. సహజమైన ఉంగరాల జుట్టుతో వెళితే ఉద్యోగం ఇవ్వని యజమానులూ, తరగతిలోకి రానివ్వని పాఠశాలలూ అక్కడ ఉండేవి. జుట్టు తీరును బట్టి ఇలా వివక్ష చూపకూడదని కాలిఫోర్నియా రాష్ట్రం చట్టం చేసింది 2019లో! అంతకాలం ఎందరో తల్లులు తమ పిల్లలకు వంటింట్లో కుర్చీ వేసి ఈ మందు రాశారంటే ఆశ్చర్యమేముంది?

కుట్టుమిషను దగ్గర మొదలైన కథ

ఈ మందు చరిత్రలో మొదట వినిపించే పేరు గారెట్ మోర్గాన్. 1877లో పుట్టిన ఈ నల్లజాతి అమెరికన్ క్లీవ్‌లాండ్ నగరంలో కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. మిషను వేగానికి సూది వేడెక్కి ఉన్నిగుడ్డను మాడుస్తుండేది. దానికి విరుగుడుగా ఒక ద్రవం తయారుచేస్తూ, చేతికి అంటినదాన్ని గుడ్డకు తుడిచాడట. కాసేపటికి చూస్తే ఆ గుడ్డమీది నూగు సాపుగా పడుకుని ఉందట. తరువాత పొరుగింటి కుక్క మీద, ఆ పైన తన తలమీద పరీక్షించి చూశాడని చెబుతారు. 1913 నాటికి జుట్టు మందు అమ్మే కంపెనీ పెట్టాడు. ప్రమాదాల్లో పొగ పీల్చకుండా కాపాడే ముసుగుకూ, 1923లో ట్రాఫిక్ సిగ్నలుకూ పేటెంటు పొందినవాడూ ఈయనే.

ఉన్ని మీద పనిచేసింది జుట్టు మీద ఎలా పనిచేసింది? రెండూ కెరటినే గదా!

ఇండ్లలో తయారుచేసుకునే మందులో కాస్టిక్ సోడా, కోడిగుడ్లు, బంగాళాదుంపలు కలిపేవారు. తన కుర్రతనంలో ఆ మందు రాయించుకున్నప్పుడు తల నిప్పంటుకున్నట్లయిందని మాల్కమ్ ఎక్స్ 1965లో వెలువడిన తన ఆత్మకథలో వర్ణించాడు. 1954లో జార్జ్ జాన్సన్ అనే ఆయన షికాగోలో కంపెనీ పెట్టి, డబ్బాల్లో నింపిన మందును అమ్మటం మొదలుపెట్టాడు. పద్ధతి మెరుగైంది గాని మందులోని అసలు సరుకు మాత్రం మారలేదు.

కాస్టిక్ సోడా చేసే పని

కాస్టిక్ సోడా అంటే మీ ప్రయోగశాలలోని సోడియం హైడ్రాక్సైడే. రిలాక్సర్‌లో ఇది సుమారు 2 శాతం ఉంటుంది. అంతేనా అనుకోకండి. ఆ ముద్ద పి.హెచ్. విలువ 13 దాకా ఉంటుంది. జుట్టుకు నప్పే పి.హెచ్. 5 ప్రాంతంలో ఉంటుంది. మధ్య తేడా 8. పి.హెచ్. ఒక్కొక్క మెట్టుకూ పది రెట్లు తేడా అని చదువుకున్నారు గదా! ఎనిమిది మెట్లంటే 10 కోట్ల రెట్లన్నమాట.

ఇంత గాఢమైన క్షారం తగలగానే వెంట్రుక ఉబ్బుతుంది. పెంకుల్లాగా ఒకదానిమీద ఒకటి పరచుకుని ఉన్న పైపొర పొలుసులు లేచి నిలబడతాయి. క్షారం లోపలికి దూరి గంధకపు వంతెనను పట్టుకుంటుంది. రెండు గంధక పరమాణువులలో ఒకటి ఊడిపోతుంది. మిగిలిన ఒక్కటే రెండు గొలుసులకూ మధ్య పొట్టి వంతెనగా నిలుస్తుంది. ఈ కొత్త బంధం ఉన్న పదార్థం పేరు లాంథియోనైన్. దీన్ని 1941లో, చాకలి సోడాలో ఉడికించిన ఉన్నినుంచి వేరుచేశారు. లాటిన్‌లో ఉన్నికీ, గ్రీకులో గంధకానికీ ఉన్న పేర్లు కలిపి ఈ పేరు పెట్టారు. ఉన్ని స్వెట్టరును చాకలి సోడాతో ఎందుకు ఉతకకూడదో మీకిప్పుడు తెలిసి ఉంటుంది.

పొట్టి వంతెనను తిరిగి పాత వంతెనగా మార్చే మార్గం లేదు. మందు తగిలిన మేర వెంట్రుక మారినట్టే, ఇక వెనక్కి రాదు. అంతేకాదు, క్షారాన్ని ఇంకాసేపు ఉండనిస్తే వంతెనలతో ఆగదు. గొలుసులనే తెగగొడుతుంది. జుట్టు అడ్డుపడిన బాత్రూం తూమును శుభ్రం చేయటానికి పోసే పొడుల్లో కాస్టిక్ సోడా ఉంటుంది. అక్కడ వెంట్రుకలు కరిగిపోతాయి. తూములో జరిగేదీ తలమీద జరిగేదీ ఒకే చర్య. గాఢతలోనూ, ఉంచే సమయంలోనూ మాత్రమే తేడా. (రాలిన వెంట్రుకలతో ఈ ప్రయోగం ఇంట్లో చేయబోకండి. మీ సైన్సు మాస్టారు బల్లమీద చేసి చూపిస్తే దూరంగా నిలబడి చూడండి. ఒక్క చుక్క కంట్లో పడితే చూపే పోవచ్చు.)

“లై లేనిది” అని రాసి ఉన్న డబ్బాలు కూడా అమ్ముతారు. లై అంటే కాస్టిక్ సోడా. అది లేదంటే క్షారమే లేదని అమాయకులు అనుకుంటారు. ఆ డబ్బాలో ఉండేది కాల్షియం హైడ్రాక్సైడ్, అంటే తడిసిన సున్నం. దానిలో గ్వానిడిన్ కార్బనేట్ అనే మరో మందు కలపగానే గ్వానిడిన్ హైడ్రాక్సైడ్ అనే గట్టి క్షారం పుడుతుంది. దీని పి.హెచ్. కూడా 12 దాటుతుంది. చర్మానికి మంట కొంచెం తక్కువ, అంతే. పైగా ఈ చర్యలో కాల్షియం కార్బనేట్, అంటే సుద్ద, మిగిలిపోయి వెంట్రుకల మీద పేరుకుంటుంది. ఈ మందు వాడిన జుట్టు గరుకుగా, కళ లేకుండా ఉండటానికి ఇదొక కారణం. కాల్షియాన్ని పట్టి లాగేసే ప్రత్యేకమైన షాంపూ వాడితే గాని ఈ సుద్ద వదలదు. ఆకర్షణీయమైన చిన్నపిల్లల బొమ్మలతో అమ్మిన డబ్బాల్లో చాలావరకు ఈ రకమే. పి.హెచ్. 12 ఉన్న సరుకుమీద నవ్వుతున్న పాపాయి బొమ్మ! ప్రకటనలు రాసేవారికి రసాయనశాస్త్రం ఎవరైనా చెబితే బాగుండును.

మంట మంచిది కాదు

ఎక్కువసేపు మండితే జుట్టు మరింత సాపుగా వస్తుందని అక్కడ చాలామంది నమ్మేవారు. పళ్ళబిగువున ఓర్చుకునేవారు. ఇది పూర్తిగా తప్పు. చర్మం కూడా మాంసకృత్తే, దాని కొవ్వును క్షారం సబ్బుగా మారుస్తుంది. మంట అంటే మందు పనిచేస్తున్నదని కాదు, తల కాలుతున్నదని! మండిన మరుక్షణమే నీటితో బాగా కడిగేయాలి. అనుభవం గలవారు మందు రాసేముందు తలచర్మానికీ, చెవులకూ, నుదుటి అంచుకూ వాజిలైన్ పూస్తారు. నీటిలో కరిగిన క్షారం ఆ జిడ్డుపొరను దాటి తేలికగా లోపలికి పోలేదు. ముందురోజు తలస్నానం చేయవద్దనీ, తల గోకవద్దనీ చెప్పటం కూడా ఇందుకే. తలలో సహజంగా ఊరే జిడ్డు కొంత కాపాడుతుంది, గోకితే గీతలు పడి క్షారానికి దారి దొరుకుతుంది. పుండుగాని, గీతగాని ఉంటే ఆనాడు ఆ పనే పెట్టుకోకూడదు.

కడగటం నీటితో పూర్తికాదు. ఉబ్బిన వెంట్రుకలో దాగిన క్షారం తరువాత కూడా పనిచేస్తూనే ఉంటుంది. కాబట్టి కొద్దిగా ఆమ్లగుణం గల షాంపూతో తటస్థీకరించాలి. ఇది మీ తొమ్మిదో, పదో తరగతి పాఠమే. కొన్ని షాంపూలలో సూచికను కూడా కలుపుతారు. క్షారం మిగిలి ఉంటే నురగ గులాబిరంగులో ఉంటుంది. తెల్లని నురగ వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ కడగాలి. మీరు ఫినాఫ్తలీన్ చుక్క వేసి చూసే ప్రయోగానికీ దీనికీ తేడా లేదు.

ముప్పై సెంటీమీటర్ల లెక్క

అన్నిటికన్నా పెద్ద పొరపాటు మరొకటుంది. తలచర్మం లోపలున్న కుదుళ్ళకు పైన రాసిన మందు సంగతి తెలియదు. అవి ఉంగరాల జుట్టునే పెంచుతాయి. ఈ జుట్టు నెలకు సుమారు 8 మిల్లీమీటర్లు పెరుగుతుంది. 8 వారాలకు మొదట్లో ఒకటిన్నర సెంటీమీటరు ఉంగరాలు కనిపిస్తాయి. మళ్ళీ మందు రాసేటప్పుడు ఆ ఒకటిన్నర సెంటీమీటరుకే రాయాలి. పైనుంచి కిందిదాకా పూస్తే ఏమవుతుందో లెక్కవేద్దాం. 30 సెంటీమీటర్ల వెంట్రుక చివర వయస్సు మూడేళ్ళకు పైమాటే. 8 వారాలకొకసారి మొత్తానికి పూస్తే ఆ చివరకు దాదాపు ఇరవైసార్లు కాస్టిక్ సోడా తగిలినట్లు! తెగిపోక ఏంచేస్తుంది? అందుకే పాత జుట్టుకు క్రీము పూసి మందు అంటకుండా కాపాడుతారు. కొందరు 8 వారాలు చాలక 12 వారాలు ఆగుతారు. అది మరీ మంచిది.

కొత్త జుట్టు, పాత జుట్టు కలిసే చోటు అన్నిటికంటే బలహీనమైనది. అక్కడ వంకర గట్టి పోగు, సాపైన మెత్తని పోగు ఒకదానికొకటి అతికి ఉంటాయి. దువ్వెన పట్టి లాగితే అక్కడే పుటుక్కుమంటుంది. పెద్దపళ్ళ దువ్వెనతో కొసలనుంచి మొదలుపెట్టి, కొద్దికొద్దిగా పైకి చిక్కు తీయాలి. పైగా తడి వెంట్రుక పొడి వెంట్రుకకన్నా తేలికగా సాగి తెగుతుంది. బిగించి లాగి జడ వేస్తే నుదుటి దగ్గర కుదుళ్ళే దెబ్బతిని అక్కడ జుట్టు మొలవటం మానవచ్చు.

కండిషనర్ అనే క్రీము వట్టి మోసం కాదు. క్షారం తగిలిన వెంట్రుక మీద రుణావేశం ఎక్కువగా ఉంటుంది. కండిషనర్‌లోని అణువులకు ధనావేశం ఉంటుంది. వ్యతిరేక ఆవేశాలు ఆకర్షించుకుంటాయి గదా! ఎక్కడ దెబ్బతిన్నదో అక్కడే ఎక్కువగా అంటుకుని పొలుసులను పడుకోబెడతాయి. కాని వెంట్రుకకు “ఆహారం” ఇస్తాం, “ప్రాణం” పోస్తాం అనే మాటలు నమ్మకండి. చర్మం బయటికి వచ్చిన వెంట్రుకకు ప్రాణం లేదు. చిట్లిన కొసను అతికించే మందు లేదు. కత్తిరించటమే దారి.

మన కొబ్బరినూనె సంగతి చెప్పకపోతే అన్యాయం. తలస్నానానికి ముందు రాస్తే అది వెంట్రుక లోపలికి ఇంకి, మాంసకృత్తు నీటిలో కొట్టుకుపోకుండా కొంత ఆపుతుందని 2003లో ముంబయి పరిశోధకులు ప్రచురించారు. రసాయనాలతో దెబ్బతిన్న జుట్టు మీద కూడా ఆ ఫలితమే కనబడింది. ప్రొద్దుతిరుగుడు నూనెకు ఆ గుణం కనబడలేదు.

మన పట్టణాల బ్యూటీపార్లర్లలో “స్ట్రెయిటెనింగ్” పేరుతో చేసేది చాలాసార్లు వేరే చర్య. అక్కడ వాడేది ఎక్కువగా థయోగ్లైకోలేట్. అది వంతెనను రెండుగా విడదీస్తుంది. ఇనుముతో సాపు చేశాక మరో మందు మళ్ళీ కలుపుతుంది. ఈ రెండు పద్ధతులూ ఒకే జుట్టుమీద ఎన్నడూ చేయకూడదు. ఒకటి చేసినచోట రెండవది పడితే వెంట్రుకలు గుప్పెళ్ళతో చేతికి వస్తాయి. కనుక ఏ పేరుతో పిలిచారని కాదు, డబ్బామీద ఏ రసాయనం రాసి ఉందో అడగండి.

చివరగా జుట్టును దాటిన సంగతి ఒకటి. 2022లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు 33,497 మంది స్త్రీలను సుమారు 11 ఏళ్ళు గమనించిన ఫలితాలు ప్రచురించారు. జుట్టు సాపుచేసే మందులు ఎన్నడూ వాడనివారిలో 70 ఏళ్ళు వచ్చేలోగా గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం నూటికి 1.64. సంవత్సరంలో నాలుగుసార్లకు మించి వాడినవారిలో నూటికి 4.05. ఏ కంపెనీ మందు, అందులో ఏ పదార్థం అని ఆ పరిశోధనలో అడగలేదు. కాబట్టి కాస్టిక్ సోడాయే కారణమని అనటానికి వీల్లేదు. రెండు సంగతులు కలిసి కనిపించినంతమాత్రాన ఒకటి రెండవదానికి కారణమని రుజువు కాదు. అయితే కాలిన చర్మంలోంచి ఇతర రసాయనాలు తేలికగా ఒంట్లోకి పోతాయి. అందుచేత అక్కడ చాలామంది తల్లులు ఇప్పుడు పిల్లల తలలకు ఈ మందు తాకనివ్వటం లేదు.

మానుకున్నవారికి జుట్టు ఒక్కరోజులో మారదు. మొదటినుంచి ఉంగరాలు నెలకు 8 మిల్లీమీటర్ల చొప్పున దిగివస్తాయి. ఏడాదికి పది సెంటీమీటర్లకు కాస్త తక్కువ. ఒకే వెంట్రుక మీద పైన సొంత ఉంగరాలు, కింద మందు చేసిన సాపు, మధ్యన ఆ బలహీనమైన హద్దు. కొందరు ఓపికగా కొసలను కొద్దికొద్దిగా కత్తిరిస్తూ వస్తారు. మరికొందరు ఒకనాడు కత్తెర తీసుకుని సరిగ్గా ఆ హద్దు దగ్గర కత్తిరించేస్తారు.